హ్యాపీ వ్యాలీలో ఆ బోడి కొండలకు ఏం పని?

బీబీసీ సీరియల్ ‘హ్యాపీ వ్యాలీ’ రెండో సీజన్ చివర్లో పెద్దగా ఏమీ జరగదు. ఇంట్లోవాళ్లంతా కలిసి కొండ మీదికి నడకకు వెళ్తారు. మనవడు రయన్ కబుర్లు చెప్పుకుంటూ తిరుగుతుంటాడు, అమ్మమ్మ కేథరిన్ వాడినే చూస్తుంటుంది. గొడవ లేదు, కన్నీళ్లు లేవు, వాళ్ల వెనక చెట్టూ చేమా లేని కొండ పరుచుకుని ఉంటుంది, అంతే. అయినా ఆ చూపు దగ్గర నాకు టెన్షన్ మొదలైంది, సీజన్ అయిపోయాక కూడా చాలాసేపు తగ్గలేదు. ఎందుకలా అయిందో అర్థం చేసుకోవడానికి ఆ కొండల గురించి చదవడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం అందులోంచి వచ్చిందే. (కథలో కీలకమైన విషయాలు చెప్పకుండా ఇది రాయడం కుదరదు, కాబట్టి సీరియల్ చూడనివాళ్లు చూశాక చదవండి.)

ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్‌లో ఇలాంటి కొండనేలను మూర్ అంటారు. డిగ్రీలో ఎమిలీ బ్రాంటే ‘వదరింగ్ హైట్స్’ చదివినవాళ్లకు ఈ మాట పరిచయమే. ఆ నవలకైనా, ఆ ప్రాంతంలో తీసిన టీవీ డ్రామాలకైనా మనకు క్లాసులో చెప్పే వివరణ ఒకటే: అక్కడి గాలీ వానా పాత్రల మనసులోని అలజడికి గుర్తు. తప్పని అనను కానీ, ఆ వివరణ చాలా తక్కువ చెబుతుంది. గాలివాన సముద్రం ఒడ్డునా ఉంటుంది, అడవిలోనూ ఉంటుంది. మూర్‌కు మాత్రమే ఉన్న గుణం కనబడాలంటే పైన వీచే గాలిని వదిలేసి కాళ్ల కింద నేలను చూడాలి.

మూర్‌ని తెలుగులో బీడు అనేయొచ్చు అనిపిస్తుంది కానీ సరిపోదు. బీడు అంటే సాగు వదిలేసిన భూమి, ఎండి నెర్రెలిచ్చిన నేల గుర్తొస్తుంది. మూర్ అలా కాదు, అది నానిన నేల. అడుగు వేస్తే షూ పక్కనుంచి నీళ్లు ఊరతాయి. పైన హెదర్ అనే పొట్టి పొద ఉంటుంది, అది పూసే ఆగస్టులో కొండంతా ఊదారంగు, మిగతా ఏడాదంతా గోధుమ, నలుపు. ఆ పొదల వేర్ల కింద ఉండే పదార్థాన్ని పీట్ అంటారు. చేత్తో తీస్తే తడిసిన టీ పొడి ముద్దలా నల్లగా, మెత్తగా ఉంటుంది. అందులోంచి దిగి వచ్చే వాగుల నీళ్లు కూడా పాలు కలపని డికాషన్ రంగులోనే పారతాయి.

పీట్ ఎలా తయారవుతుందో తెలిస్తే చాలా విషయాలు విడిపోతాయి. మామూలు నేలలో ఆకు రాలితే కుళ్లి మట్టిలో కలిసిపోతుంది. ఇక్కడ ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండటం వల్ల లోపలికి గాలి ఆడదు, పైగా స్ఫాగ్నమ్ అనే నాచు ఆ నీటిని ఆమ్లంగా మారుస్తుంది, దాంతో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు సరిగా పని చేయలేవు. చచ్చిన మొక్క పూర్తిగా కుళ్లదు, దాని మీద ఇంకో మొక్క, దాని మీద ఇంకోటి, అలా ఏడాదికి దాదాపు 1 మిల్లీమీటరు చొప్పున పేరుకుంటూ పోతుంది. రెండు మీటర్ల పీట్ ఉన్నచోట మీరు నిలబడితే మీ కింద సుమారు 2000 ఏళ్లు ఉన్నట్టు. ఏదీ కుళ్లి మట్టిలో కలిసిపోని నేల అది. ఇంట్లో జరిగినదాన్ని కప్పెట్టి, దాని గురించి మాట్లాడకుండా, అదే దాని మీద నడుస్తూ బతికే కుటుంబాల కథలకు ఈ నేల ఎందుకు అంతగా నప్పుతుందో ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఇది నేను అల్లుకున్న పోలిక కాదనడానికి నిజంగా జరిగిన ఒక సంగతి చెబుతాను. ఇది మూర్ మీద కాదు, దానికి దక్షిణంగా చెషైర్‌లో లిండో మాస్ అనే పల్లపు పీట్ నేలలో జరిగింది. 1983లో అక్కడ పీట్ తవ్వేవాళ్లకు ఒక ఆడమనిషి పుర్రె ముక్క దొరికింది. ఆ పక్కనే ఒకప్పుడు కాపురం ఉన్న ఒకతని భార్య 20 ఏళ్లకు పైగా కనిపించకుండా పోయి ఉంది. పుర్రె దొరికిందని పోలీసులు చెప్పగానే అతను ఒప్పేసుకున్నాడు, అవును, నేనే చంపి అక్కడ పాతిపెట్టాను అని. తీరా పుర్రెకు కార్బన్ పరీక్ష చేస్తే అది రోమన్ల కాలం నాటిదని, 1700 ఏళ్లకు పైగా పాతదని తేలింది. ఎవరో ఎరగని ప్రాచీన మనిషి ఎముక వచ్చి అతని నోట నిజం చెప్పించింది, ఆ ఒప్పుకోలు మీదే అతనికి శిక్ష పడింది. మరుసటి ఏడాది, 1984లో, అదే చోట సుమారు 2000 ఏళ్ల నాటి మగమనిషి శరీరం చర్మంతో, గడ్డంతో సహా బయటపడింది. నేను ఈ సంగతి చదివి చాలాసేపు పుస్తకం మూసేసి కూర్చున్నాను. నేల అన్నీ దాచి ఉంచుతుందనే నమ్మకం మనిషిలో ఎంత లోతుకు దిగి ఉంటే ఆ పుర్రె తన భార్యదే అనుకుంటాడు!

ఇంకో సంగతి ఉంది, దాన్ని క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. 1963 నుంచి 1965 వరకు మాంచెస్టర్ చుట్టుపక్కల ఐదుగురు పిల్లలను, టీనేజర్లను ఒక జంట చంపింది, వాళ్లలో కొందరిని సాడిల్‌వర్త్ మూర్‌లో పాతిపెట్టింది. ఒక అమ్మాయి మృతదేహం 1987లో గానీ దొరకలేదు, ఒక పిల్లవాడు ఇప్పటికీ దొరకలేదు. అందువల్ల బ్రిటిష్ టీవీలో ఒక మూర్ మీద పోలీసులు వరుసగా నడుస్తున్న షాట్ కనబడితే అక్కడి పెద్ద తరం ప్రేక్షకులకు సంగీతమేమీ అక్కర్లేదు. దర్శకుడు ఏమీ చెప్పకముందే ఆ నేల వాళ్లకు చెప్పేస్తుంది.

ఇప్పుడు లోయలోకి దిగుదాం, ఎందుకంటే హ్యాపీ వ్యాలీ అనే పేరులోనే లోయ ఉంది. కథ జరిగేది పడమటి యార్క్‌షైర్‌లోని కాల్డర్ లోయలో. మత్తుమందుల సమస్య ఎక్కువగా ఉండటం వల్ల అక్కడి పోలీసులు ఆ ప్రాంతానికి పెట్టుకున్న ముద్దుపేరే టైటిల్ అయింది. రచయిత్రి సాలీ వెయిన్‌రైట్ ఆ లోయలోనే, సోవర్బీ బ్రిడ్జ్ అనే ఊళ్లో పెరిగింది, కాబట్టి ఏ మలుపు తిరిగితే కొండ ఎలా కనబడుతుందో ఆవిడకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

ఆ లోయకు మూడు అంతస్తులున్నాయి. పైన మూర్, అక్కడివాళ్లు దాన్ని ‘టాప్స్’ అంటారు. నడిమి వాలులో పాత పల్లెలు, ఒకప్పుడు ఇంట్లోనే మగ్గం నేసుకున్న నేతవాళ్ల రాతి ఇళ్లు, మగ్గానికి వెలుతురు కోసం వరసగా కిటికీలు పెట్టిన ఇళ్లు. కింద నది, కాలువ, రైలుపట్టాలు, రోడ్డు. నీటి శక్తితో, తర్వాత ఆవిరితో మిల్లులు వచ్చాక పని కిందికి దిగింది, పని వెంట మనుషులూ దిగారు. కింద చోటు చాలక హెబ్డెన్ బ్రిడ్జ్‌లో వింత పద్ధతిలో ఇళ్లు కట్టారు: నాలుగంతస్తుల బిల్డింగ్‌లో కింది రెండూ ఒక ఇల్లు, పై రెండూ ఇంకో ఇల్లు. కింది ఇంటికి తలుపు కింది వీధిలోకి, పై ఇంటికి తలుపు వెనక కొండ వైపున్న ఎగువ వీధిలోకి. ఒకరి పైకప్పు ఇంకొకరి నేల. అలాంటి ఊళ్లో ఎవరింట్లో గొంతు లేచినా ఇంకొకరికి వినబడుతుంది, తలెత్తితే మాత్రం మనిషి జాడ లేని కొండ కనబడుతుంది.

కేథరిన్ కావుడ్ పోలీసు సార్జెంట్. హెబ్డెన్ బ్రిడ్జ్‌లో ఒక వరసింట్లో, హెరాయిన్ మానేసి నిలదొక్కుకుంటున్న చెల్లెలు క్లేర్‌తో, మనవడు రయన్‌తో ఉంటుంది. కూతురు బెకీని టామీ లీ రాయిస్ అనేవాడు రేప్ చేశాడు, ఆ కడుపున పుట్టినవాడే రయన్. బిడ్డ పుట్టిన కొన్ని వారాలకే బెకీ ఆత్మహత్య చేసుకుంది. పసివాణ్ని పెంచుతానని కేథరిన్ పట్టుబడితే భర్త విడిపోయాడు, కొడుకు దూరమయ్యాడు. ఇదంతా సీరియల్ మొదలయ్యేనాటికే అయిపోయిన కథ. అంటే మనం చూసే 18 ఎపిసోడ్లూ పాతిపెట్టినదాని మీద నడకే.

అక్కాచెల్లెళ్లు మాట్లాడుకునే చోటు గమనించండి. ఎక్కువసార్లు పెరటి మెట్ల మీద, చేతిలో టీ కప్పుతో. కేథరిన్ రోజంతా చూసిన ఘోరాలన్నీ ఆ మెట్ల మీదే చెబుతుంది. రెండో సీజన్ మొదట్లో మత్తులో ఉన్న కుర్రాళ్లు ఎత్తుకొచ్చిన గొర్రెను కుక్కలు కరిచేస్తే, దాన్ని బాధ నుంచి తప్పించడానికి తనే రాయితో కొట్టి చంపాల్సి వచ్చిందని క్లేర్‌కు చెబుతుంది. ఇద్దరూ ఆపుకోలేక నవ్వుతారు, మనకూ నవ్వొస్తుంది, ఆ సీజన్ ముగిసేసరికి మాత్రం ఆ గొర్రె గుర్తొస్తే నవ్వు రాదు.

ఎందుకో చెప్పాలంటే అలిసన్ గురించి చెప్పాలి. ఆమె కొండ మీద గొర్రెలు పెంచుకునే రైతు, ఇంట్లో తనూ, పెద్దవాడైన కొడుకూ, అంతే. వరస హత్యలు చేస్తున్నది తన కొడుకేనని ఆమెకు తెలుస్తుంది. పోలీసులకు అప్పగించదు, తనే తుపాకీతో కాల్చేసి, తనూ మందులు మింగేస్తుంది. కేథరిన్ వెళ్లేసరికి కొన ఊపిరితో ఉంటుంది. ఆ తర్వాత ఆమె చెప్పే నిజం ఏమిటంటే, ఆ కొడుకుకు తండ్రి తన సొంత తండ్రే. ఆ పైన, ఎవరూ రాని ఆ పొలంలో, ఒక తరం చేసిన పాపం ఇంకో తరంలో మనిషి రూపంలో పెరిగింది. కింద లోయలో ఇంకో బిడ్డ ఉన్నాడు, రేప్ వల్ల పుట్టినవాడు, కేథరిన్ ప్రాణమంతా పెట్టి పెంచుతున్నవాడు. ఇప్పుడు మొదట్లో చెప్పిన కొండ మీద నడక గుర్తు తెచ్చుకోండి. ఆమె రయన్ వైపు చూసే ఆ చూపులో ఉన్న ప్రశ్న అదే, వీడిలో ఏం పెరుగుతోంది? నోటితో అడగలేని ప్రశ్న. అది అడగడానికి రచయిత్రి వాళ్లందర్నీ ఇల్లు దాటించి కొండెక్కించింది.

ఇక్కడ గొర్రెల గురించే ఒక విషయం, సీరియల్లో ఎవరూ చెప్పరు, ఇది నా సొంత లంకె. ఉత్తర ఇంగ్లండ్ కొండల్లో చాలాచోట్ల గొర్రెలకు కంచె ఉండదు. అయినా ఏ మంద దాని హద్దు దాటి పోదు. ఏది తన మేత నేల, ఎక్కడికి పోకూడదు అన్నది తల్లి వెంట తిరుగుతూ పిల్ల నేర్చుకుంటుంది, అది పెద్దయ్యాక తన పిల్లకు నేర్పుతుంది. దీన్ని హెఫ్టింగ్ అంటారు. పొలం చేతులు మారితే మంద కూడా పొలంతోపాటే పోతుంది, ఎందుకంటే హద్దులు ఆ గొర్రెల తలల్లో ఉన్నాయి. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చి లక్షల గొర్రెలను చంపేయాల్సి వచ్చినప్పుడు ఆ కొండల రైతులు ఏడ్చింది డబ్బు కోసమే కాదు, తరాలుగా తల్లి నుంచి పిల్లకు వచ్చిన ఆ తెలివి తెగిపోతుందని. కంచె లేకుండా, మాట లేకుండా ఒక తరం నుంచి ఇంకో తరానికి హద్దులు వస్తాయంటే, భయం రాదా? కోపం రాదా? కేథరిన్ రయన్ చుట్టూ గోడ కట్టాలని చూస్తుంది, తండ్రి పేరు కూడా ఇంట్లో వినబడనివ్వదు. మూడో సీజన్లో ఆ గోడకు కన్నం పెట్టింది బయటివాళ్లు కాదు, చెల్లెలు క్లేర్. అక్కకు తెలియకుండా పిల్లాణ్ని జైల్లో ఉన్న తండ్రి దగ్గరికి తీసుకెళ్తుంటుంది. మొత్తం సీరియల్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఏ హత్యా కాదు, ఆ నిజం కేథరిన్‌కు తెలిసినప్పుడు ఆ ఇద్దరి ముఖాలు.

మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అంత ఆదిమంగా, అంత సహజంగా కనబడే మూర్ నిజానికి చాలావరకు మనుషుల చేతిపనే. వేల ఏళ్ల క్రితం అక్కడ చెట్లుండేవి. మనుషులు నరికారు, కాల్చారు, వాతావరణం తడిగా మారి నేల పీట్‌గా మారింది, ఆ తర్వాత గొర్రెలు మేసి కొత్త మొక్కను లేవనివ్వలేదు. ఇప్పటికీ గ్రౌస్ పక్షుల వేట కోసం భూస్వాముల మనుషులు హెదర్‌ను వంతులవారీగా కాలుస్తారు, ఏటా ఆగస్టు 12న వేట మొదలవుతుంది. ‘మా ఇంట్లో మొదట్నుంచీ ఇంతే’ అని ప్రతి కుటుంబంలోనూ ఎవరో ఒకరు అంటారు చూడండి, మొదట్నుంచీ అలా లేదు, ఎవరో నరికారు, ఎవరో కాల్చారు, మిగతావాళ్లు అలవాటుపడ్డారు.

వెయిన్‌రైట్ రాసిందే ‘లాస్ట్ టాంగో ఇన్ హాలిఫాక్స్’, 2012లో మొదలైంది, స్వభావంలో చాలా మెత్తనిది. డెబ్బై దాటిన అలన్, సీలియా చిన్నప్పటి ప్రేమను ఫేస్‌బుక్‌లో మళ్లీ కలుపుకుని పెళ్లి చేసుకుంటారు, దాంతో ఇద్దరి కూతుళ్లు ఒకే కుటుంబం అవుతారు. ఒకామె కరొలైన్, హారొగేట్ అనే కలవారి ఊళ్లో పెద్ద ఇల్లు, స్కూలు హెడ్. ఇంకొకామె జిలియన్, కొండ మీద గొర్రెల పొలం, అది గిట్టుబాటు కాక సూపర్ మార్కెట్లో ఉద్యోగం. ఇంత సరదా కథలోనూ చచ్చిపోయిన భర్త గురించి ఒక రహస్యం ఉంది. అది ఉన్నది హారొగేట్ ఇంట్లో కాదు, కొండ మీది పొలంలో. అందరూ ప్రమాదమనుకున్న ఆ చావు వెనక తన చెయ్యి ఉందని జిలియన్ చివరికి కరొలైన్‌కు చెప్పుకుంటుంది. ఆ భర్త తమ్ముణ్నే, అదీ పోలీసు ఉద్యోగం చేసేవాణ్ని, పెళ్లి చేసుకుని ఆ పొలంలోనే బతుకుతుంది. వేరే చోటికి పోవచ్చు కదా అని మనకు అనిపిస్తుంది. హెఫ్టింగ్ సంగతి తెలిశాక నాకు ఆ ప్రశ్న రాలేదు.

అన్నిటికీ మూలం హావర్త్, బ్రాంటేల ఊరు. ఇంటి ముందు శ్మశానం, ఇంటి వెనక మూర్. 1824 సెప్టెంబర్ 2న ఏడేళ్ల బ్రాన్‌వెల్, ఆరేళ్ల ఎమిలీ, నాలుగేళ్ల ఆన్ మూర్ మీద షికారుకు వెళ్లి ఉండగా ఉరుములతో పెద్ద వాన పట్టుకుంది. ఊరికి కొద్ది దూరంలో క్రో హిల్ మీద పీట్ నేల పగిలిపోయి, బురద వరదలా లోయలోకి దూకింది. తండ్రి ఇంట్లో కిటికీ దగ్గర నిలబడి పిల్లల కోసం భయపడుతూ చూశాడు. పిల్లలు క్షేమంగా వచ్చారు, ఆయన తర్వాత చర్చిలో దాని మీద ప్రసంగమే చేశాడు. పీట్ నాచు తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు పీల్చుకుని పట్టుకుంటుంది, పట్టుకుని పట్టుకుని ఒకరోజు ఇక పట్టలేదు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి భోజనాల దగ్గర ఒక్కసారిగా లేచి అరిచినప్పుడు ఇంట్లో అందరూ ‘ఇంత చిన్న మాటకా?’ అనుకుంటారు. చిన్న మాటకు కాదు.

2016లో వెయిన్‌రైట్ ఆ కుటుంబం మీద ‘టు వాక్ ఇన్విజిబుల్’ అనే టీవీ సినిమా తీసింది. ఇప్పటి హావర్త్ మారిపోయిందని, ఊరికి దగ్గర్లో పెనిస్టన్ హిల్ అనే మూర్ మీదే బ్రాంటేల ఇంటి నమూనా కట్టించి షూటింగ్ చేశారు. సోదరుడు బ్రాన్‌వెల్ తాగుడుతో, నల్లమందుతో ఇంట్లో కూలిపోతుంటే షార్లెట్, ఎమిలీ, ఆన్ ముగ్గురు అక్కాచెల్లెళ్లూ మగ పేర్ల చాటున నవలలు అచ్చు వేయించారు. బ్రాన్‌వెల్ 1848 సెప్టెంబర్‌లో చనిపోయాడు, అక్కాచెల్లెళ్లు పుస్తకాలు రాశారన్న సంగతి అతనికి చివరివరకూ తెలియలేదని షార్లెట్ తర్వాత ఒక ఉత్తరంలో రాసుకుంది. ఆ సినిమాలో మూర్ ఆడపిల్లలకు ఊపిరాడే చోటు అని చాలామంది అంటారు, నేనూ ఒప్పుకుంటాను. ఇంట్లో అనలేని మాట అక్కడ నడుస్తూ అనుకుంటారు. కానీ నడక ఎంత దూరమైనా మళ్లీ ఆ తలుపు దగ్గరికే రావాలి.

హ్యాపీ వ్యాలీ మూడో సీజన్ నీళ్లు తీసేసిన ఒక రిజర్వాయర్‌లో మొదలవుతుంది. ఎండిన అడుగున ఒక అస్థిపంజరం, పక్కన నిలబడి కేథరిన్. చివరి ఎపిసోడ్ 2023 ఫిబ్రవరి 5న వచ్చింది. తొమ్మిదేళ్లుగా ఎదురుచూసిన తలపడటం కొండ మీద జరుగుతుందని అనుకున్నాను, తీరా అది జరిగింది కేథరిన్ వంటింట్లో, బల్లకు అటూ ఇటూ. ఫొటోల ఆల్బమ్ చూసి, రయన్ సంతోషంగానే పెరిగాడని గ్రహించి, టామీ తనను తానే తగలబెట్టుకుంటాడు. తర్వాత కేథరిన్ చెల్లెలికి ఫోన్‌లో, నువ్వు అల్లిన దుప్పటి ఒకటి కాస్త కాలింది అని చెబుతుంది. ఇన్నేళ్ల పగకు మిగిలిన మాట అంత చిన్నది, ఇంటి మాట.

ఆ తర్వాత ఆమె బెకీ సమాధి దగ్గరికి వెళ్తుంది. ఆ దృశ్యాలు తీసింది హెప్టన్‌స్టాల్‌లో, హెబ్డెన్ బ్రిడ్జ్‌కు సరిగ్గా పైనున్న పాత నేతవాళ్ల పల్లెలో. రెండు ఊళ్ల మధ్య బట్రెస్ అని ఒక పాత రాళ్ల దారి ఉంది, ఎంత నిటారుగా ఉంటుందంటే అలవాటున్నవాళ్లు కూడా మధ్యలో ఆగుతారు. లోయలో ఇల్లున్న తల్లి కూతురి దగ్గరికి వెళ్లాలంటే ప్రతిసారీ ఆ ఎత్తు ఎక్కాల్సిందే. ఆ పైన, టాప్స్ మొదలయ్యే చోట, బెకీ పేరు చెక్కిన రాయి పక్కన కేథరిన్ నిలబడుతుంది.